‘కాసుకు లోబడి’యా, ‘కాసుకు లొంగి’యా? పూర్ణమ్మ గుర్తున్నవాళ్లు చెప్పండి

అచ్చుతప్పు:
పొద్దున్నుంచీ గురజాడ ‘పూర్ణమ్మ’ పాటలో ఒక పాదం బుర్రలో తిరుగుతోంది, డబ్బు పుచ్చుకుని కూతుర్ని ముసలివాడికి కట్టబెట్టిన తల్లిదండ్రుల గురించి. ‘కాసుకు … తల్లీ తండ్రీ’. మధ్యలో ‘లోబడి’ అని నా నోరంటోంది, ‘లొంగి’ అని మా ఇంట్లో అంటున్నారు. పుస్తకం చేతిలో లేదు. ఎందుకు గుర్తొచ్చిందంటే, పిల్లల్ని అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ పడే కొత్త శిక్షల మీద ఒక కరపత్రం తెలుగు చేస్తున్నాను. ‘డబ్బు తీసుకుని బిడ్డను అప్పగించినవారు’ అన్నచోట కలం ఆగింది.

గణాలమారి:
‘లొంగి’ కుదరదండీ. ‘కాసుకు’ నాలుగు మాత్రలు (పలికే కాలపు కొలత), తర్వాతదీ నాలుగుండాలి. ‘లొంగి’ మూడే. ‘లోబడి’ సరిగ్గా నాలుగు. మీ నోరే గెలిచింది.

బడిపలక:
గెలవలేదు. అది ‘లోనై’. దానికీ నాలుగే.
‘కాసుకు లోనై తల్లీ తండ్రీ
నెనరూ న్యాయం విడనాడి’
మా మాస్టారు ఇది చదువుతూ ‘నెనరు’ దగ్గర ఆగి కళ్లద్దాలు తుడుచుకునేవారు. ఆ మాటకి దయ, ప్రేమ అని అర్థమని చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. అద్దాలు మాత్రం అప్పుడే గుర్తుండిపోయాయి.

గణాలమారి:
రూ దీర్ఘమా? నేను ‘నెనరున్యాయం’ అని కలిపి విన్నాను.

బడిపలక:
ఎలా చదివినా మాత్రలు అవే. మీ తక్కెడ ఇక్కడ పనికిరాదు.

గణాలమారి:
తక్కెడ మాట సరే, చెవి మాటేమిటి? ‘నెనరూ న్యాయం’ అంటే ఒకటి పోయాక ఒకటి పోయినట్టుంది. కలిపితే రెండూ ఒకే మూటలో పోయినట్టుంది. నాకు మూటే నచ్చింది.

పాతపెట్టె:
‘లోబడి’ కాకపోవడం మంచిదైంది. ‘నిబంధనలకు లోబడి’ అని జీవోల్లో పడి ఎండిపోయిందా మాట. లోను అంటే లోపల. ఆ తల్లీ తండ్రీ కాసు లోపలికి తమ కాళ్లతో తామే నడిచి వెళ్లారు. ఇప్పుడు చూడండి, ‘దోపిడీకి లోనైన బాలిక’ అని రాస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. ప్రలోభానికి లోనవుతాం, కోపానికి లోనవుతాం, అందులో మన మనసుకీ వాటా ఉంటుంది. పిల్ల దోపిడీకి ‘గురి’ అవుతుంది. గురి పెట్టినవాడు వాక్యంలో లేకపోయినా వెనకాల నిలబడి కనిపిస్తాడు.

బడిపలక:
మరీ సాగదీస్తున్నారు పాతపెట్టె గారూ. ‘అస్వస్థతకు లోనై’ అనమా? జ్వరంలో మన మనసు వాటా ఎంత? గురి అంటే నమ్మకం కూడా. ‘గురువు మీద గురి’ అన్నప్పుడు బాణం ఎవరు వేశారు?

పాతపెట్టె:
జ్వరానికి ‘లోనై’ పేపరు భాష. ఇంట్లో ‘జ్వరం తగిలింది’ అంటాం.

నల్లకోటు:
మీ గొడవ సగం చట్టమే తీర్చింది. మనుషుల అక్రమ రవాణా మీద భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ చదవండి. బెదిరింపు, బలప్రయోగం, అపహరణ, మోసం, అధికార దుర్వినియోగం అని వరసగా చెప్పి, చివర ప్రలోభం అంది. బిడ్డ ఎవరి చేతి కింద ఉందో వాళ్లను ఒప్పించడానికి సొమ్ము ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ అందులోకే వస్తాయి. ‘కాసుకు లోనై’కి ఇంతకంటే మంచి టీక నేను చూడలేదు. బాధితుల సమ్మతి లెక్కలోకి రాదని కూడా అక్కడే ఉంది. కనుక ‘లోనై’ పుచ్చుకున్న చేతికే అంటుతుంది, పిల్లకు అంటదు.
అచ్చుతప్పు గారూ, అంకెలు ఓసారి సరిచూసుకోండి. ఒక బిడ్డయితే 10 ఏళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా. ఒకరికి మించితే 14 ఏళ్ల నుంచి మొదలు. అలా తెచ్చిన బిడ్డని తెలిసీ లైంగిక దోపిడీకి వాడుకున్నవాడికి 144 కింద 5 నుంచి 10 ఏళ్లు. పాత ఐపీసీ 370ఏలో పై హద్దు 7 ఏళ్లే. బిచ్చమెత్తించడాన్ని కూడా ఇప్పుడు దోపిడీ కిందే చేర్చారు. అమలు 2024 జులై 1 నుంచి.

అచ్చుతప్పు:
అంకెలు సరిపోయాయి, ధన్యవాదాలు. కానీ ‘యావజ్జీవం’ పక్కనే ‘మిగిలిన సహజ జీవితకాలమంతా’ అని ఉంది. యావత్ అన్నాక ఇంకా మిగిలేదేముంది?

నల్లకోటు:
పిల్లల విషయంలో ఇదే నేరం మళ్లీ రుజువైనవాడికీ, ఇందులో చెయ్యి కలిపిన పోలీసుకీ, ప్రభుత్వోద్యోగికీ పడేది అది. మామూలు యావజ్జీవానికి శిక్ష తగ్గింపులున్నాయి కదా. మీ ‘యావత్’ కోర్టు గుమ్మం దాటేసరికి అరిగిపోయింది, అందుకే ఆ తోక.

ఇసుకరేణువు:
‘ట్రాఫికింగ్’కి వాడే ‘అక్రమ రవాణా’ మీద ఎవరికీ అభ్యంతరం లేదా? ఇసుక అక్రమ రవాణా, ఎర్రచందనం అక్రమ రవాణా, పిల్లల అక్రమ రవాణా. పిల్లలకి సక్రమ రవాణా అంటే ఏమిటి, స్కూలు బస్సా? పైగా ఎక్కడికీ తరలించకుండా గదిలో దాచిపెట్టినవాడూ ఆ సెక్షన్ కిందికే వస్తాడు. దీన్ని నిషేధించే రాజ్యాంగం 23వ అధికరణంలో ఈ మాటకి హిందీవాళ్లు ‘దుర్వ్యాపార్’ అని పెట్టుకున్నారు. మనమూ అరువు తెచ్చుకుంటే?

పాతపెట్టె:
వద్దు బాబూ. ‘పిల్లల్ని అమ్ముకోవడం’ అంటే ఎవరికి అర్థం కాదు? మనకిది పాత జబ్బే. అమ్మకమని నోరారా అనలేక, పిల్లనిచ్చి పుచ్చుకునే సొమ్ముకి ‘శుల్కం’ అని సంస్కృతపు ముసుగేశారు ఆనాడు.

బడిపలక:
శుల్కం ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ‘కన్యాశుల్కం’ నాటకం చూసి నవ్వుకున్నవాళ్లు 1897 కూర్పుకి గురజాడ రాసిన ఇంగ్లీషు పీఠిక చదవరు. విశాఖ జిల్లాలో మూడేళ్లలో లెక్కకొచ్చిన శుల్కం పెళ్లిళ్లు 1,034. పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురి ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డలకీ బేరాలు కుదిరేవని రాశాడు. గిరీశం అడుగుపెట్టకముందు పేజీలివి.

గణాలమారి:
అందుకే నాటకం కంటే పూర్ణమ్మ మిన్న అంటాను. అందులో సుబ్బిని ముసలి పెళ్లికొడుకు నుంచి తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి ఉన్నాడు, శిష్యుడికి ఆడవేషం కట్టాడు. పూర్ణమ్మకి ఏ మేనమామా రాలేదు.

బడిపలక:
మధురవాణి లేని చోట ‘మిన్న’ ఎక్కడిదండీ!

గణాలమారి:
ఆ వాదనకి వేరే దారం తియ్యండి, వస్తాను.

అచ్చుతప్పు:
అయ్యా, కరపత్రం రేపు అచ్చుకి వెళ్లాలి. ‘డబ్బుకు లోనై బిడ్డను అప్పగించినవారు’ అని రాశాను ప్రస్తుతానికి. ‘లోనై’ తీసేసి ‘ఆశపడి’ అంటే?

పాతపెట్టె:
ఆశపడితే జైలేమిటండీ. ఆశ లేనిదెవరికి? ‘పుచ్చుకుని’ అనండి.

నల్లకోటు:
‘పుచ్చుకుని’ నాకు సమ్మతమే. కానీ ‘లోనై’ పోతే ఆ పాదం పోతుంది.

గణాలమారి:
‘ఆశపడి’ ఎలాగూ ఐదు మాత్రలు. పొసగదు.