టైరు ప్రెషర్ లైట్ కాసేపు కొట్టుకుని అలాగే వెలుగుతోంది, సెన్సర్ పోయినట్టేనా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. నాది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, ఎనిమిదేళ్లు దాటింది. వెనక టైర్లు ముందువాటికంటే వెడల్పు, నాలుగూ రన్‌ఫ్లాట్‌లే (గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు), స్టెప్నీ లేదు. ఈమధ్య స్టార్ట్ చేయగానే టైరు ప్రెషర్ పసుపు లైట్ ఒక నిమిషం పైన కొట్టుకుని, ఆ తర్వాత ఆరకుండా వెలుగుతూనే ఉంటోంది. స్క్రీన్ మీద మూడు టైర్లకి అంకెలు కనిపిస్తున్నాయి, వెనక ఎడమదానికి మాత్రం గీతలే. ఒక్కోసారి కొంత దూరం పోయాక అంకె వస్తుంది, కాసేపటికి మళ్లీ పోతుంది. గేజ్ పెట్టి చూస్తే నాలుగింటిలోనూ గాలి సరిగ్గానే ఉంది. టైర్ల షాపులో అడిగితే నాలుగు సెన్సర్లూ మార్చేయాలన్నారు. నిజంగా అవసరమా? సెన్సరే పోయిందని ఎలా తేల్చుకోవాలి? రన్‌ఫ్లాట్‌లో గాలి దిగినా చూస్తే తెలీదు కదా, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ టెన్షన్‌లో అర్థం ఉంది. రన్‌ఫ్లాట్ పక్కగోడ గట్టిగా ఉంటుంది కాబట్టి గాలి పోయినా టైరు నిలబడే ఉంటుంది. అలా నడపడానికి మామూలుగా ఇచ్చే హద్దు గంటకు 80 కిలోమీటర్ల వేగం, మహా అయితే 80 కిలోమీటర్ల దూరం. గాలి పోయిందని తెలియకుండా హైవే మీద వేగంగా పోతే టైరు లోపల నలిగిపోతుంది, ఆపైన పంచర్ వేసినా దాన్ని నమ్మలేం. కాబట్టి ఈ లైట్‌ని వదిలేయకండి. సమస్య తేలేదాకా బయల్దేరే ముందు గేజ్‌తో చూసుకోండి, అదీ టైర్లు చల్లగా ఉన్నప్పుడే.

ఇక అసలు విషయం. లైట్ కొట్టుకోకుండా నేరుగా వెలిగితే గాలి తక్కువని అర్థం. మొదట కొట్టుకుని తర్వాత వెలుగుతూ ఉండిపోతే గాలి సంగతి కాదు, టైరు ప్రెషర్‌ని కనిపెట్టి చూసే వ్యవస్థలోనే లోపం ఉందని అర్థం. 2007 సెప్టెంబర్ నుంచి అమెరికాలో కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసిన నిబంధనలో ఈ తేడా స్పష్టంగా ఉంది: సిఫార్సు చేసిన ప్రెషర్ కంటే 25 శాతం తగ్గితే లైట్ వెలగాలి, వ్యవస్థలో లోపముంటే అదే లైట్ 60 నుంచి 90 సెకన్లు కొట్టుకుని తర్వాత వెలుగుతూ ఉండాలి. లోపానికి వేరే లైట్ పెట్టిన కార్లూ ఉన్నాయి. మీరు చెప్పింది రెండో రకం. గేజ్ కూడా అదే చెబుతోంది కాబట్టి గాలి ఎక్కించి ప్రయోజనం లేదు.

మీ కారులో టైరు టైరుకీ అంకె వేరుగా వస్తోందంటే ప్రతి వీల్ లోపలా వాల్వ్‌కి తగిలించి ఒక సెన్సర్ ఉన్నట్టే. అందులో చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది, దాన్ని జిగురు పోసి మూసేస్తారు, అందుకే బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు. సాధారణంగా ఐదు నుంచి పదేళ్లు వస్తుంది. ఎనిమిదేళ్ల కారు, అంకె వస్తూ పోతూ ఉంది, పోయేది ఎప్పుడూ ఒకే వీల్‌ది... నా అనుమానం ముందు బ్యాటరీ మీదే. బ్యాటరీ నీరసిస్తే చలి పొద్దుల్లో సిగ్నల్ అందక, వీల్ వేడెక్కాక అందడం మామూలే. కానీ అనుమానంతో టైరు విప్పించకండి, ముందు తేల్చుకోండి.

దానికి టీపీఎంఎస్ (టైరు ప్రెషర్‌ని చూసే వ్యవస్థ) స్కానర్ కావాలి. మామూలు కోడ్ రీడర్ సరిపోదు, సెన్సర్‌ని నిద్ర లేపగలిగేది కావాలి, అది 125 కిలోహెర్ట్జ్ సిగ్నల్ పంపిస్తుంది. వాల్వ్ దగ్గర టైరు పక్కగోడకి ఆనించి నొక్కితే సెన్సర్ తన ఐడీ, ప్రెషర్, ఉష్ణోగ్రత చెబుతుంది, చాలావాటిలో బ్యాటరీ స్థితి కూడా వస్తుంది. బాగున్న వీల్ దగ్గర మొదలుపెట్టండి, అప్పుడే స్కానర్‌లో సరైన మోడల్ ఎంచుకున్నారో లేదో తెలుస్తుంది. బాగున్న మూడూ పలికి వెనక ఎడమది పలక్కపోతే సెన్సర్ పోయినట్టే. పలికినా ఐడీ కారు కంప్యూటర్‌లో ఉన్న ఐడీతో కలవకపోతే సెన్సర్ మంచిదే, కారుకి దాన్ని మళ్లీ పరిచయం చేస్తే చాలు. ఐడీ కలిసి, బ్యాటరీ కూడా బాగుండి, కారుకి మాత్రం అందకపోతే అప్పుడు రిసీవర్ వైపో, వైరింగ్ వైపో చూడాలి.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. కొత్తగా డ్యాష్‌క్యామ్ గానీ చార్జర్ గానీ ఎల్ఈడీ బల్బులు గానీ పెట్టారా? సెన్సర్లు 315 లేదా 433 మెగాహెర్ట్జ్ మీద చాలా బలహీనంగా మాట్లాడతాయి, నాసిరకం చార్జర్ రొద చేస్తే ఆ మాట కారుకి వినబడదు. అన్నీ పీకేసి ఒకసారి నడిపి చూడండి, ఖర్చు లేని పరీక్ష.

మరొకరు: పైన చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఆ టైరులో ఎప్పుడైనా పంచర్ సీలెంట్ కొట్టించారేమో గుర్తు చేసుకోండి, ఆ ద్రవం సెన్సర్ రంధ్రంలో గడ్డకడితే అంకె తప్పుగా వస్తుంది. టైరు మార్చినప్పుడు మెషిన్ అంచు తగిలి సెన్సర్ పగలడం కూడా జరుగుతుంది, మార్చిన వెంటనే మొదలైతే అదే కారణం అనుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండి. చార్జర్, డ్యాష్‌క్యామ్ తీసి నడిపాను, తేడా లేదు. సీలెంట్ ఎప్పుడూ వాడలేదు. స్కానర్ పెడితే మిగతా మూడూ వెంటనే పలికాయి, వెనక ఎడమది చాలాసార్లు నొక్కితే ఒకసారి పలికింది, బ్యాటరీ తక్కువని చూపించింది. ఐడీ కలిసింది. ఇప్పుడు ఒకటే మార్చాలా, నాలుగూనా? వెనక టైర్లు బాగా అరిగాయి, త్వరలోనే మార్చాలి, ముందువి కొత్తవి.

జవాబు: అయితే తేలిపోయింది, ఆ సెన్సర్ పని అయిపోయింది. వెనక టైర్లు ఎలాగూ విప్పుతారు కాబట్టి వెనక రెండూ ఇప్పుడే మార్చించండి, కుడిదానికీ అదే వయసు. ముందువి పనిచేస్తున్నాయి, టైర్లూ కొత్తవి, వాటిని ఇప్పుడు విప్పించడం నాకైతే అనవసరం అనిపిస్తుంది. రన్‌ఫ్లాట్ విప్పిన ప్రతిసారీ అంచు మీద ఒత్తిడి పడుతుంది కూడా. అవి అరిగినప్పుడు సెన్సర్లూ వాటితోపాటే మార్చుకోవచ్చు.

కొనేటప్పుడు పాత సెన్సర్ మీది పార్ట్ నంబర్, ఫ్రీక్వెన్సీ సరిచూడండి, చూడ్డానికి ఒకేలా ఉన్నా 315ది 433 కారులో పలకదు. టైరు విప్పేటప్పుడు అంచు వదిలించే పార వాల్వ్‌కి దూరంగా పెట్టమని పనివాళ్లకి ముందే చెప్పండి. నట్ బిగింపు కంపెనీ చెప్పిన టార్క్‌కే ఉండాలి, ఎక్కువైతే అల్యూమినియం వాల్వ్ విరుగుతుంది. వాల్వ్ లోపలి పుల్ల (వాల్వ్ కోర్) నికెల్ పూతదే వేయించండి, మామూలు ఇత్తడిది అల్యూమినియంలో తుప్పుతో పట్టేస్తుంది. మూత ప్లాస్టిక్‌ది చాలు. ముందు టైర్లు ఎప్పుడు విప్పినా, సెన్సర్ మార్చకపోయినా, వాల్వ్ రబ్బరు సీలు కొత్తది వేయించాలి.

బిగించాక రీలెర్న్, అంటే కొత్త సెన్సర్లని కారుకి పరిచయం చేయడం, చేయించడం మర్చిపోవద్దు. కొన్ని కార్లు నడుస్తుంటే వాటంతటవే నేర్చుకుంటాయి, కొన్నిటికి మెనూలో మొదలుపెట్టి వీల్ వెంట వీల్‌గా చూపించాలి, మీదేదో కారు పుస్తకంలో ఉంటుంది. షాపు వదిలే ముందు ఒక పరీక్ష చేయండి: వెనక ఎడమ టైరులో రెండు మూడు పీఎస్ఐ గాలి తీసి కాస్త దూరం నడపండి, స్క్రీన్ మీద తగ్గేది ఆ టైరు అంకే అయితే స్థానాలు సరిగ్గా కుదిరినట్టు. వేరే టైరుది తగ్గితే రీలెర్న్ మళ్లీ చేయించండి. తర్వాత తీసిన గాలి తిరిగి ఎక్కించండి.