పెరట్లో పుంజులు ఎక్కువైపోయాయి, ఏ వయసులో కోస్తే మాంసం బాగుంటుంది?

ప్రశ్న:
గుడ్ల కోసం పిల్లల్ని పొదిగిస్తే సగం పుంజులే తేలాయండి. నాలుగు నెలలు దాటాయి, కూత మొదలెట్టాయి, ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి, పెట్టల వీపు మీద ఈకలు ఊడిపోతున్నాయి. ఒకదాన్ని ఉంచుకుని మిగతావి మాంసానికే అనుకుంటున్నాం. ఇంకో రెండు నెలలు మేపాలా, ఇప్పుడే కోసేయాలా? పోయినసారి తెలిసినాయన కోసి ఇచ్చింది ఎంత ఉడికించినా రబ్బరులా సాగింది. ఈసారి నేనే కొయ్యాలి, అదే టెన్షన్.

పెరటిమేత:
ఇప్పుడే కొయ్యండి. ఇవి బ్రాయిలర్లు కావు కదా, ఆరు వారాల్లో కండ పట్టడానికి. నాలుగైదు నెలలకి తినదగ్గ సైజుకి వస్తాయి, ఆ తర్వాత మేత మీరు పోస్తూనే ఉంటారు, ఛాతీ మాత్రం పెద్దగా నిండదు, పైగా కండని పట్టి ఉంచే కొలాజెన్ అనే పీచు పదార్థం వయసుతో గట్టిపడుతుంది. ఇక రబ్బరు సంగతి: కోసిన కొన్ని గంటలకే వండి ఉంటారు, అప్పటికి కండ బిగుసుకుని ఉంటుంది. శుభ్రం చేశాక ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, కాలు కీలు దగ్గర తేలిగ్గా కదులుతోందా చూసుకుని అప్పుడు వండండి. డీప్ ఫ్రీజ్ చేసేది ఉన్నా దాని తర్వాతే.

కత్తిపదును:
కొయ్యడం గురించి నేను చెప్తా. ముందు రాత్రి నుంచి మేత ఆపేయండి, నీళ్లు మాత్రం ఉంచండి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు చాలు, లోపల ఖాళీగా ఉంటే పేగులు తీసేటప్పుడు మాంసానికి మురికి అంటదు. చీకట్లో పట్టుకుంటే గింజుకోదు. అడుగు తెరిచిన కోన్‌లో (గరాటు లాంటిది) తలకిందులుగా పెట్టి, దవడ కిందే రెండు పక్కలా రక్తనాళాలు ఒక్క కోతలో తెగాలి. కత్తి పదును లేకపోతే ఆ రోజు మానుకోండి, అంతే. తెగాక కాళ్లూ రెక్కలూ కొట్టుకోవడం చూసి కంగారుపడొద్దు, స్పృహ పోయాక కూడా అలా కొట్టుకుంటుంది. ఈకలకి 60 నుంచి 65 డిగ్రీల నీళ్లు, ఒక నిమిషం అటూ ఇటూ. మరిగే నీళ్లలో ముంచితే చర్మం ఉడికి, పీకుతుంటే చిరిగి వస్తుంది. తోక మొదట్లో ఉండే నూనె గ్రంథి కోసెయ్యండి. కార్జానికి అంటుకున్న చేదు సంచి పగలకుండా చూసుకోండి, పగిలితే అది తగిలినచోటల్లా చేదే.

ముసలిపుంజు:
ఇప్పుడే కొయ్యాలన్నదానికి నేను ఒప్పుకోను. ఏడాది దాటిన పుంజుకి ఉండే రుచి లేతదానికి రాదు, సన్న మంట మీద రెండు మూడు గంటలు ఉడికించే ఓపిక ఉండాలి గానీ. వేపుడుకైతే లేతదే. ఇంకో మాట, ఈ మధ్య యాంటీబయాటిక్ గానీ నులిపురుగుల మందు గానీ వేశారా? వేసుంటే, ఆ మందు వేశాక ఎన్ని రోజులు మాంసం తినకూడదని సీసా మీద రాసి ఉందో అన్ని రోజులూ ఆగండి. నీరసంగా ముడుచుకుని కూర్చున్నదాన్ని మాత్రం మాంసానికి పెట్టొద్దు.

ప్రశ్న అడిగినవారు:
మందులేం వెయ్యలేదండి. మరి ఉంచుకునేది ఏదో ఎలా తేల్చుకోవాలి? అన్నిటికంటే పెద్దది మనుషుల మీదకి వస్తోంది.

పెరటిమేత:
అయితే ముందు కొయ్యాల్సింది అదే. ఆ గుణం దాని పిల్లలకీ రావచ్చు. పెట్టలకి మేత చూపించి పిలిచేది ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని ఉంచుకోండి. ఎనిమిది పది పెట్టలకి ఒక్కటి సరిపోతుంది.