కనుమకి ఆవు బొమ్మ బిస్కెట్లు: చేసి తినొచ్చా, తప్పా?

కొర్లగుంట కోడలు
తిరుపతిలో ఉంటాం. మా పాపకి ఏడేళ్ళు. డిసెంబర్‌లో స్కూల్లో క్రిస్మస్‌కి పెంగ్విన్, రెయిన్‌డీర్ బిస్కెట్లు చేసి పంపాను. అప్పటి నుంచి పాప "కనుమకి మన పుంగనూరు ఆవు చేద్దామమ్మా" అని ఒకటే పట్టు. ఆ ఆకారంలో అచ్చు బజార్లో దొరకలేదు. పాత క్యాలెండర్ అట్ట మీద పాపే గీసింది. పొట్టి కాళ్ళు, చిన్న కొమ్ములు. ఆ అట్టని పిండి మీద పెట్టి చాకుతో కోశాం. ముందుగా ఆరు చేసి చూశాం. ఐసింగ్‌తో మెడలో బంతిపూల దండ, నుదుట బొట్టు పెట్టింది పాప. అత్తమ్మ చూసి "పండగ పూట ఆవుని కొరుక్కు తింటారా?" అని లేచి వెళ్ళిపోయారు. పండగ ఇంకా నాలుగు రోజులుంది. చెయ్యమంటారా, మానెయ్యమంటారా?

చంద్రగిరి అవ్వ
మానెయ్యి తల్లీ. కనుమనాడు పొద్దున్నే పశువుల్ని కడిగి, కొమ్ములకి రంగులు పూసి, పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటాం. మా పక్కనే రంగంపేటలో ఎద్దుల కొమ్ములకి దేవుళ్ళ బొమ్మలున్న పలకలు కట్టి వదుల్తారు. అట్లాంటి రోజు దాని బొమ్మే చేసి తల కొరికి తింటే ఏం బాగుంటుంది? ఇంకో మాట. ఆ తెల్లటి పూతలో కోడిగుడ్డు వేస్తారంట కదా. భోగి దాకా ధనుర్మాసం. మా ఇంట్లో ఈ నెలంతా గుడ్డు గడప దాటి లోపలికి రాదు.

ఓటీజీ అన్న
గుడ్డు అక్కర్లేదు. 200 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో రెండు మూడు పెద్ద చెంచాల పాలు, నాలుగు చుక్కల నిమ్మరసం చాలు. తెల్లసొనతో చేసినంత గట్టిగా ఆరదు. అందుకని ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, పళ్ళెంలో పరవాలి. అంచు గీసేది చిక్కగా, లోపల నింపేది పల్చగా ఉండాలి. చెంచాతో ఎత్తి వదిలితే ఆ జాడ పది సెకన్లలో కలిసిపోవాలి. పాప చేతికి కోన్ ఇచ్చేటప్పుడు మొన చాలా సన్నగా కత్తిరించండి.

పలమనేరు సుజి
మాకు కర్ణాటక పక్కనే. అక్కడ సంక్రాంతికి నువ్వులు, బెల్లంతో పాటు సక్కరె అచ్చు పంచుకుంటారు. గోపురాలు, పక్షులు, జంతువులు, అన్నీ చక్కెరతో పోసినవే. పిల్లలు తింటారు. మన పెళ్ళిళ్ళలో పంచదార చిలకలు తినమా? ఎవరూ పాపం అనలేదు.

చంద్రగిరి అవ్వ
చిలకకి ఎవరూ పూజ చెయ్యరమ్మా. ఆవుకి చేస్తాం.

చిత్తూరు కుర్రోడు
మా ఇంట్లో కనుమ అంటే నాటుకోడి పులుసు, రాగి సంగటి. ప్రాణమున్న కోడినే కోస్తున్నాం, మైదా పిండి బొమ్మకి ఇంత చర్చ ఎందుకు?

చంద్రగిరి అవ్వ
నేను కోడి మాట ఎత్తలేదు నాయనా. ఆవు అన్నాను.

జీవకోన గీత
గుడ్డు విషయంలో మాత్రం అవ్వ మాటే నాది. మా బాబు బారసాలకి ఒకచోట బిస్కెట్లు ఆర్డర్ ఇచ్చాను. గుడ్డు లేదని రెండుసార్లు చెప్పించుకున్నాను. అందరూ తిన్నాక తెలిసింది, పైన పూత తెల్లసొనతో చేశారని. అడిగితే "బిస్కెట్‌లో లేదు కదా మేడమ్" అన్నారు. మా అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. ఎదురుగా కూర్చుని ఏం చెప్పాలో తెలియక ఏడ్చాను. ఇంట్లో చేసుకుంటే కనీసం ఏం వేశామో తెలుస్తుంది.

ఓటీజీ అన్న
అసలు ఎవరూ అడగని ప్రశ్న: ఆ పొట్టి కాళ్ళు ఓవెన్‌లో నిలిచాయా? చాలామంది పిండి కలిపి వెంటనే కోస్తారు. వెన్న మెత్తగా ఉంటే వేడి తగలగానే బిస్కెట్ పరుచుకుపోతుంది, ఆవు గేదె అవుతుంది. 250 గ్రాముల మైదాకి 150 వెన్న, 100 పంచదార పొడి, అవసరమైతే రెండు చెంచాల పాలు. గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టాలి. అర సెంటీమీటరు మందం చాలు. కోసిన తర్వాత ట్రేతో సహా మళ్ళీ పావుగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. 170 డిగ్రీల్లో పన్నెండు నిమిషాలు. అంచు రంగు తిరగగానే తీసెయ్యండి. తోక విడిగా చెయ్యొద్దు, ముందు అదే మాడుతుంది. ఐసింగ్‌తో గీయండి.

కొర్లగుంట కోడలు
అన్నా, కాళ్ళు నిలిచాయి. రెండింటికి కొమ్ములు విరిగాయి. ఐసింగ్ పాలతోనే కలిపాను, గుడ్డు వెయ్యలేదు. ఆ మాట అత్తమ్మకి కూడా చెప్పాను. కానీ నేను అడిగింది ఇది కాదు.

ఓటీజీ అన్న
విరిగాయంటే చల్లారకముందే ఎత్తారు. ట్రే మీద పది నిమిషాలు వదిలెయ్యండి.

చిత్తూరు కుర్రోడు
కోడలు గారూ, అత్తమ్మని అడగడమే మీ తప్పు. ముసలోళ్ళకి కొత్తది ఏదైనా అడ్డమే. చేసెయ్యండి, ఫొటో పెట్టండి.

చంద్రగిరి అవ్వ
ముసలోళ్ళు అన్నావు కదా, విను. పోయిన సంక్రాంతికి మూడు కిలోల బియ్యం నానబెట్టి, ఆరబెట్టి, తడి ఆరకముందే దంచి జల్లించాను. చిత్తూరు బెల్లం పాకం పట్టి అరిసెలు చేశాను. మోకాళ్ళ నొప్పితో నిలబడే చేశాను. నా కొడుకు, కోడలు బెంగళూరు నుంచి వచ్చారు. రెండు రోజులుండి వెళ్ళారు. అరిసెల డబ్బా తీసుకెళ్ళమంటే "షుగర్ అత్తమ్మా" అంది. సరే అనుకున్నాను. వారం తిరక్కుండా ఫోన్లో మనవడు చూపించాడు, వాళ్ళమ్మ చేసిన బిస్కెట్లు, పైన వేలెడు మందం చక్కెర పూత. నా అరిసెలకి ఇంట్లో చీమలు పట్టాయి. నాకు ఆవు బొమ్మ మీద కోపమా? పిల్లాడు పిండిలో చెయ్యి పెట్టి ఆడుకుంటుంటే నేను పక్కన లేను. నన్ను ఎవరూ పిలవలేదు. ఈ అమ్మాయి అత్తమ్మ లేచి వెళ్ళిందంటే ఎందుకెళ్ళిందో నాకు తెలుసు.

పలమనేరు సుజి
అవ్వా, మీ మాటకి ఏడుపొచ్చింది.

కొర్లగుంట కోడలు
అవ్వా, మీరు చెప్పింది నిజమే కావచ్చు. నాది కూడా వినండి. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఆ వంటింట్లో పాకం గరిటె ఒక్కసారి కూడా నా చేతికి రాలేదు. "నువ్వు చెడగొడతావు, పక్కకి జరుగు" అంటారు. పిండి జల్లించడం, నువ్వులు ఏరడం, చివర్లో గిన్నెలు తోమడం నా పని. వచ్చిన చుట్టాలకి "మా కోడలికి అరిసెలు రావు" అని నా ముందే చెప్తారు. నేర్పితే కదా వచ్చేది! ఓవెన్ నా డబ్బుతో కొన్నాను. యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను. ఆ ఇంట్లో నేను తప్పు చేసినా ఎవరూ గరిటె లాక్కోని పని ఇదొక్కటే. పాప నాతో కూర్చుని దండలో ఒక్కో పువ్వు పెడుతుంటే నాకు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. అందుకే ఆ రోజు వంటింటి తలుపు దగ్గరికి వేశాను. అత్తమ్మని పిలవలేదు. కావాలనే పిలవలేదు.

జీవకోన గీత
తొమ్మిదేళ్ళా! మా ఇంట్లోనూ ఇదే కథ. మా అత్తమ్మ పోయాక గానీ గరిటె నా చేతికి రాలేదు. అప్పుడు అడగడానికి మనిషి లేదు.

చంద్రగిరి అవ్వ
గరిటె ఎందుకివ్వమో చెప్తాను. పాకం ఒక్క నిమిషం ముదిరితే అరిసెలు రాళ్ళు. తక్కువైతే నూనెలో విడిపోతాయి. మూడు కిలోల పిండి, రెండు రోజుల కష్టం నేలపాలు. ఆ భయంతోనే మా అత్త నాకివ్వలేదు, నేను నా కోడలికివ్వలేదు. అది తప్పని ఈ రోజు నీ మాట చదివాక అనిపిస్తోంది. అరకిలోతో మొదలుపెట్టి ఉండొచ్చు. పాడైతే పాడయ్యేది.

చిత్తూరు కుర్రోడు
అవ్వా, ముసలోళ్ళు అన్నందుకు క్షమించండి. నోరు జారాను.

కొర్లగుంట కోడలు
అవ్వా, అరకిలోకి బెల్లం ఎంత? పాకం ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది?

చంద్రగిరి అవ్వ
అరకిలో తడి పిండికి 300 గ్రాములు పెట్టుకో, కొత్తగా చేసేదానివి. పక్కన పళ్ళెంలో చన్నీళ్ళు ఉంచుకో. పాకం చుక్క అందులో వెయ్యి. కరిగిపోతే ఇంకా కాగాలి. వేళ్ళతో పోగు చేస్తే మెత్తటి ఉండ కావాలి, నొక్కితే అణగాలి. అక్కడ మంట ఆపి, పిండి కొంచెం కొంచెంగా పోస్తూ కలుపు. పిండి మాత్రం తడిగా ఉండాలి, ఎండిపోయిందంటే ఎంత మంచి పాకమైనా దండగ. ఇది నన్నడిగినట్టే మీ అత్తమ్మనీ అడుగు, గరిటె పట్టుకుని అడుగు. పాపని మీ ఇద్దరి మధ్య కూర్చోబెట్టు.

ఆవు సంగతి మాత్రం నా మాట మార్చను. కనుమనాడు వద్దు. చిలకలు చేసుకోండి.