పాత భయానక కథా సంకలనాలపై విశ్వవిద్యాలయంలో ప్రసంగం: 40 నిమిషాల్లో ఏమి చెప్పాలి?

పడమటి మాంబళం పాఠకుడు (ప్రశ్న)

మిత్రులకు నమస్కారం. ఇక్కడ చెన్నైలోని ఒక విశ్వవిద్యాలయపు ఆంగ్లశాఖవారు పాత ఆంగ్ల భయానక కథా సంకలనాల గురించి ఎం.ఏ. విద్యార్థులకు 40 నిమిషాలు మాట్లాడమని నన్ను ఆహ్వానించారు. నేను అధ్యాపకుణ్ణి కాను, బ్యాంకులో పనిచేసి విరమించినవాణ్ణి. 1985లో మూర్ మార్కెట్టు కాలిపోక ముందు అక్కడా, ఆ తరువాత లజ్ కార్నర్‌లోనూ కొన్న పాత పేపర్‌బ్యాక్‌లు ఓ రెండు వందల వరకు నా బీరువాలో ఉన్నాయి. నా అర్హత అంతే.

వ్రాసుకున్న ప్రసంగం 1812 నాటి ‘ఫాంటాస్మగోరియానా’తో మొదలవుతుంది. జర్మన్ దయ్యాల కథల ఆ ఫ్రెంచి అనువాద సంకలనాన్ని 1816లో జెనీవా సరస్సు ఒడ్డున కవులు బైరన్, షెల్లీ, తరువాత షెల్లీ భార్య అయిన మేరీ, బైరన్ వైద్యుడు పాలిడోరి కలిసి చదువుకోవడం, ఆ ఊపులో తామూ తలా ఒక కథ వ్రాయాలనుకోవడం, అందులోంచి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ పుట్టడం అందరికీ తెలిసినదే. అక్కడి నుంచి, లండన్‌లోని పాన్ ప్రచురణ సంస్థ వేసి 1989లో ఆపేసిన భయానక కథా సంకలనాల దాకా వచ్చాను. గడియారం పెట్టుకుని చదివితే గంటా ముప్పావు పట్టింది. మా శ్రీమతి జెనీవా సరస్సు దగ్గరే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

దేన్ని ఉంచాలో, దేన్ని వదలాలో తేలడం లేదు. మన బేతాళ కథలను ముడిపెట్టవచ్చునా? పుస్తకాలను విద్యార్థుల చేతికి ఇవ్వవచ్చునా? అనుభవమున్నవారు చెప్పగలరు.

తిరువాన్మియూరు టీచరు

అయ్యా, ముప్పై ఏళ్ళు తరగతి గదిలో నిలబడినదానిగా చెబుతున్నాను: చరిత్రంతా చెప్పకండి. తేదీల వరుసను విద్యార్థులు ఫోనులోనే చూసుకోగలరు. మీరు చెప్పగలిగినదీ, ఫోను చెప్పలేనిదీ ఒకటుంది. ఒక కథ ఒక పుస్తకంలోంచి మరో పుస్తకంలోకి ఎలా ప్రయాణించిందో ఆ పుస్తకాలను చేతిలో పట్టుకుని చూపించడం.

ఉదాహరణకు 1959లో వచ్చిన మొదటి పాన్ సంపుటాన్ని తీసుకోండి. అందులో హేజెల్ హీల్డ్ పేరుతో ‘ది హారర్ ఇన్ ది మ్యూజియం’ అనే కథ ఉంది. అది 1933లో అమెరికన్ పత్రిక ‘వియర్డ్ టేల్స్’లో అచ్చయింది. ఆ పత్రికలోని కథలను ఏరి లండన్‌లో 1925 నుంచి ‘నాట్ ఎట్ నైట్’ అనే సంకలనాల వరుసను తెచ్చిన క్రిస్టీన్ క్యాంప్‌బెల్ థామ్సన్ దాన్నీ చేర్చుకున్నారు. పాతికేళ్ళ తరువాత హెర్బర్ట్ వాన్ థాల్ పాన్‌కు ఎన్నుకున్నాడు. ఇంతా చేసి ఆ కథను దాదాపుగా వ్రాసింది అమెరికన్ భయానక కథారచయిత లవ్‌క్రాఫ్ట్. డబ్బు తీసుకుని ఇతరుల పేరు మీద వ్రాసిపెట్టిన కథల్లో అదొకటి. అదే పాన్ సంపుటంలో కథ ఉన్న ఆస్కర్ కుక్ ఈ థామ్సన్‌గారి భర్త. చూశారా, ఒక్క విషయసూచిక పుటలో ఎంత సంసారం ఉందో!

ఈ దారిన వెళితే ప్రసంగానికి నాయకుడు రచయిత కాదు, సంపాదకుడు అవుతాడు. సినిమా దర్శకుడు హిచ్‌కాక్ పేరు మీద వచ్చిన సంకలనాలు మీ దగ్గర తప్పకుండా ఉంటాయి. వాటిలో చాలావాటిని నిజంగా కూర్చినవాడు రాబర్ట్ ఆర్థర్. అట్ట మీద బొమ్మ హిచ్‌కాక్‌ది, ఆర్థర్ పేరు లోపల కృతజ్ఞతల దగ్గర చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ రెండు పుటలను పక్కపక్కన తెర మీద చూపిస్తే మీరు వేరే వ్యాఖ్యానం చేయనక్కరలేదు.

రసపిపాసి (వడపళని)

టీచరుగారి మాటతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. తెలుగులో ఒకే రచయిత కథలు ఒకచోట చేరిస్తే కథా సంపుటి అంటాము, పలువురివి చేరిస్తే సంకలనం అంటాము. ఈ తేడాను మీరు ఇంగ్లీషులో మాట్లాడుతున్నప్పుడు కూడా మనసులో పెట్టుకోవాలి. 1888లో అలహాబాదులోని వీలర్ సంస్థ రైలు ప్రయాణికుల కోసం రూపాయికి అమ్మిన కిప్లింగ్ ‘ఫాంటమ్ రిక్షా’ను చూపించాలని మీకు తప్పక అనిపిస్తుంది, కానీ అది సంపుటి. దానికి చోటిస్తే మీ విషయం చెదిరిపోతుంది.

బేతాళుణ్ణి కూడా దూరంగానే ఉంచమంటాను. ‘చందమామ’ అచ్చయిన పేటలోనే ఉంటూ ఈ మాట అనడం నాకూ కష్టంగానే ఉంది. కానీ శవం, శ్మశానం, చెట్టు ఇవన్నీ చట్రం మాత్రమే. లోపలి కథలు ధర్మసందేహాలు. చివర వచ్చేది వణుకు కాదు, ప్రశ్న.

మన అలంకారశాస్త్రం ఇంకోచోట పనికివస్తుంది. భయానక రసానికి స్థాయిభావం, అంటే మూలంలో నిలిచే భావం, భయం; బీభత్సానికి స్థాయిభావం జుగుప్స, అంటే ఏవగింపు. పాన్ 30 సంపుటాలను వరుసగా చదివితే మొదటివాటిలో భయానకం ఎక్కువ. పోనుపోను కోతలు, నెత్తురు పెరిగి బీభత్సం రాజ్యమేలుతుంది. 1964లో రాబర్ట్ ఐక్‌మన్ ఫాంటానా సంస్థకు మొదలుపెట్టిన దయ్యాల కథల సంకలనాలు దీనికి ఎదురు దారి పట్టాయి. అతడు ఎనిమిది సంపుటాలు కూర్చి, ముందుమాటలు వ్రాసి, తన సొంత కథలను కూడా నిస్సంకోచంగా చేర్చుకున్నాడు. (ఆ నిస్సంకోచం నాకు నచ్చుతుంది, కథలు బాగుంటే ఎవరు చేర్చారన్నది ఎందుకు?) హారర్ అనే ఒక్క మాట కింద ఇంగ్లీషువారు కలిపేసిన రెండింటిని మనం విడదీసి చూడగలగడం చిన్న విషయం కాదు. విద్యార్థులు వినని మాట ఇదే అవుతుంది.

మరొకటి. జేకబ్స్ 1902లో వ్రాసిన ‘కోతి పంజా’ కథ సంకలనాల్లో పదేపదే కనిపిస్తుంది. ఆ పంజాను ఇంగ్లండుకు తెచ్చేది ఇండియాలో పనిచేసి వచ్చిన సైనికుడు, దానికి మంత్రం వేసినవాడు ఒక ఫకీరు. ఆ దిగుమతి సంగతి చెన్నై విద్యార్థి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. సిద్ధంగా ఉండండి.

పాత అట్టలు

నేను గ్రంథాలయంలో పనిచేశాను కనుక పుస్తకాల సంగతి మాత్రం చెబుతాను. ఆ పేపర్‌బ్యాక్‌ల కాగితం చౌక కలపగుజ్జుతో చేసినది. అందులోని ఆమ్లం వల్ల, లిగ్నిన్ వల్ల అది పసుపెక్కి పెళుసుబారుతుంది. మన సముద్రపు తేమ తోడైతే చెప్పనే అక్కరలేదు. వాటిని కుట్టలేదు, వెన్నుకు జిగురు పూసి అతికించారు. జిగురు ఎండినదాన్ని పూర్తిగా విప్పితే పుటలు చేతిలోకి వస్తాయి. కాబట్టి చేతికి ఇవ్వకండి. బల్ల మీద రెండు దిండ్ల నడుమ సగం మాత్రమే తెరిచి ఉంచి, విద్యార్థులను దగ్గరకు పిలవండి. అట్టలను ముందుగానే పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకోండి.

చదివి వినిపించదలిస్తే ‘డ్రాకులా’ రచయిత స్టోకర్, జేకబ్స్, లవ్‌క్రాఫ్ట్ ముగ్గురూ గతించి 60 ఏళ్ళు దాటింది కనుక మన దేశంలో హక్కుల చిక్కు లేదు.

పడమటి మాంబళం పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. బైరన్‌ను జెనీవాలోనే వదిలేశాను. మొదటి పాన్ సంపుటపు విషయసూచికతో మొదలుపెట్టి, వెనక్కి ‘వియర్డ్ టేల్స్’ దాకా వెళ్ళి, ముందుకు బీభత్సం దాకా రావాలని నిశ్చయించుకున్నాను. రసపిపాసిగారూ, బేతాళుణ్ణి ప్రసంగంలోంచి తీసేశాను గానీ ప్రశ్నోత్తరాలకు అట్టిపెట్టుకున్నాను. మీ పేటవాళ్ళు ఎవరైనా వస్తే అడగకుండా ఉండరు.

చదవడం గురించి ఒక ఆలోచన వచ్చింది. ఎం.ఆర్. జేమ్స్ తన దయ్యాల కథలను 1893 నుంచి కేంబ్రిడ్జిలో మిత్రుల ముందు పైకి చదివేవాడు. ఆ మాట చెప్పి ‘కోతి పంజా’ చివరి పుట చదువుతాను, తలుపు తట్టే చోటు నుంచి. నిన్న రాత్రి మా శ్రీమతికి వినిపించాను. ఈసారి లేచి వెళ్ళలేదు. మొత్తం 43 నిమిషాలు వచ్చింది. హిచ్‌కాక్ అట్టల్లో రెండింటిని తగ్గించాలి.