కాలిబ్రేషన్ చేసేటప్పుడు ఫ్యాన్ ఆపాల్సిందేనా?

కొత్తమైక్: మా 5.1 హోమ్ థియేటర్ సెట్‌కి (ఐదు స్పీకర్లు, బేస్‌కి ఒక సబ్‌వూఫర్) ఆడిసీ మళ్లీ రన్ చేద్దామనుకుంటున్నాను. అదే, మైక్‌తో కొలిచి గదికి తగ్గట్టు సౌండ్‌ను తనే సర్దుకునే ఆటో కాలిబ్రేషన్. బిగించిన రోజు షాపు కుర్రాడు మైక్ చేత్తో పట్టుకుని సోఫాలో కూర్చుని పది నిమిషాల్లో ముగించేశాడు. అప్పట్నుంచీ డైలాగులు వినపడవు, ఫైట్లు మాత్రం పక్కింటిదాకా పోతున్నాయి. ఒక్క సందేహం. ఫ్యాన్ ఆపాలా? మేం సినిమా చూసేదే ఫ్యాన్ కింద కదా.

పాతస్పీకర్: ఆపాల్సిందే. స్పీకర్లను నడిపే రిసీవర్ ఒక్కో స్పీకర్ నుంచి కుయ్‌మని శబ్దం పంపి, మైక్‌కు ఏం చేరిందో చూస్తుంది. ఫ్యాన్ గాలి మైక్‌కి కొడితే అదీ బేస్‌లాగే నమోదవుతుంది. మైక్‌ను కెమెరా స్టాండ్‌కి బిగించి చెవుల ఎత్తులో పెట్టండి. సబ్‌వూఫర్ (సబ్) వెనక అది ఏ ఫ్రీక్వెన్సీ దాకా మోగాలో సెట్ చేసే క్రాసోవర్ నాబ్‌ను ఎక్కువ వైపు చివరిదాకా తిప్పేయండి, వాల్యూమ్ సగంలో ఉంచండి.

బేస్‌బాబు: ఒప్పుకోను. ఫ్యాన్ వేసుకుని చూసేవాళ్లు ఫ్యాన్ వేసే కొలవాలి.

గుంటూరు_విను: నేను అలాగే చేశాను. నాయిస్ ఎక్కువుందని మధ్యలో ఆగిపోయింది.

పాతస్పీకర్: బాబు గారూ, ఫ్యాన్ మోతను ఏ ఈక్వలైజరూ తీసేయలేదు. కొలిచేది స్పీకర్‌నీ గదినీ. అసలు మీ సోఫా గోడకు ఆనించి ఉందా? గోడ దగ్గర బేస్ పోగవుతుంది. ముందు సోఫా ముందుకి లాగండి, టైల్స్ మీద కార్పెట్ పరవండి.

బేస్‌బాబు: ప్రతి థ్రెడ్‌లో ఇదే పాట. అద్దింట్లో పన్నెండడుగుల హాలు మాది. కర్టెన్ రాడ్‌కి మేకు కొట్టినందుకే ఓనర్ అడ్వాన్సులో కోత పెట్టాడు. గదిని మార్చలేకే కదా అంత డబ్బు పోసి ఆటో కాలిబ్రేషన్ ఉన్నది కొన్నాను! సొంతిల్లు ఉన్నవాళ్లు ఎన్నైనా చెబుతారు.

సిరిచందన: ఎన్ని చోట్ల మైక్ పెట్టాలండీ? మూడు చాలవా?

గుంటూరు_విను: మీ ఆడిసీ ఎక్స్‌టీ32 రకం అయితే ఎనిమిదిదాకా. మొదటిది మాత్రం మీరు కూర్చునే చోటే.

పాతస్పీకర్: నేనూ చాలా ఏళ్లు అద్దింట్లో ఉన్నవాడినే బాబు గారూ. మిమ్మల్ని తక్కువ చేయడం లేదు. 80 హెర్ట్జ్ తరంగం నాలుగు మీటర్లు దాటి ఉంటుంది. అది గోడకు కొట్టి తిరిగొచ్చి, ఒకచోట నేరుగా వచ్చేదాన్ని చెరిపేస్తుంది. అక్కడ రిసీవర్ ఎంత పెంచితే తిరిగొచ్చేదీ అంతే పెరుగుతుంది. ఇది మెషీన్ వల్ల కాదు. మీ డబ్బు వృథా అయిందని నేననలేదు.

కొత్తమైక్: రాత్రి పదకొండు దాటాక ఫ్యాన్, ఫ్రిజ్ ఆపి చేశాను. డైలాగులు తేటపడ్డాయి! కానీ సబ్ దూరం టేపుతో మూడు మీటర్లయితే స్క్రీన్ మీద ఐదు చూపిస్తోంది. సరిచేయాలా?

పాతస్పీకర్: ముట్టుకోకండి. సబ్ లోపలి సర్క్యూట్‌లో జరిగే ఆలస్యం కూడా కలిపి చూపిస్తుంది.

బేస్‌బాబు: నేనూ ఫ్యాన్ ఆపి చేశాను. తేడా ఉంది, ఒప్పుకుంటున్నా. మా ఆవిడ కూర్చునే చివరి సీటులో మాత్రం బేస్ అస్సలు రావట్లేదు.

పాతస్పీకర్: సోఫా కదపొద్దులెండి, సబ్‌ను మూల నుంచి ఒక్క అడుగు జరపండి.

బేస్‌బాబు: అడుగు జరిపితే బెడ్రూమ్ తలుపు తెరుచుకోదండీ. అర అడుగు జరిపి చూస్తాను.