సెకండ్ సర్వ్ దెబ్బతింది, ఆడాలన్న ఆసక్తీ తగ్గింది: 16 ఏళ్ల టెన్నిస్ ప్లేయర్‌ని మళ్లీ గాడిలో పెట్టడం ఎలా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి 16 ఏళ్లు. కుడిచేతి ఆట, బ్యాక్‌హ్యాండ్ రెండు చేతులతో. ప్రాక్టీసు విజయవాడలో. ఐటా (అఖిల భారత టెన్నిస్ సంఘం) అండర్-18 టోర్నీలు, వాటితో పాటు మన దేశంలో జరిగే ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) జూనియర్ టోర్నీల్లో కింది మెట్టు జే30, దానిపై మెట్టు జే60 ఆడుతోంది. నిరుడు ఆట బాగా సాగింది. ఈ సీజన్‌లో మాత్రం చాలాచోట్ల మొదటి రౌండ్ దాటలేదు. డబుల్ ఫాల్టులు (ఫస్ట్, సెకండ్ సర్వ్‌లు రెండూ తప్పి పాయింటు పోవడం) విపరీతంగా పెరిగాయి. ప్రాక్టీసులో సర్వ్ బాగానే పడుతుంది, మ్యాచ్‌లో చెయ్యి బిగుసుకుపోతుంది. ఇప్పుడు "ఈ నెల టోర్నీ వద్దు నాన్నా" అంటోంది. ర్యాంకు పోతుందని వరసగా ఎంట్రీలు వేస్తూ పోవాలా, ఆపాలా? సర్వ్‌ని ఎక్కణ్నుంచి మొదలుపెట్టి సరిచేయాలి?

సర్వ్‌బాక్స్:
కృష్ణాతీరం గారూ, ఆసక్తి పోవడం వల్ల సర్వ్ పాడైందా, సర్వ్ పాడై ఆసక్తి పోయిందా అనేది ముందు తేల్చుకోండి. మీరు రాసినదాన్ని బట్టి రెండోదే అనిపిస్తోంది. ప్రతి సర్వీస్ గేములో రెండు పాయింట్లు చేజేతులా ఇచ్చేస్తుంటే కోర్టులోకి వెళ్లాలని ఎవరికీ అనిపించదు. అలాంటప్పుడు ధైర్యం చెప్పే మాటలు పని చేయవు, సర్వ్ మీద పని చేయాలి.

అరీనా సబలెంకా సంగతి తీసుకోండి. 2022 జనవరిలో అడిలైడ్‌లో వరసగా ఓడిన రెండు మ్యాచుల్లో ఒకదాంట్లో 18, ఇంకోదాంట్లో 21 డబుల్ ఫాల్టులు చేసింది. చివరికి అండర్‌ఆర్మ్ సర్వ్‌లు కూడా వేసింది. ఆ ఏడాది మొత్తం మీద డబుల్ ఫాల్టులు 400 దాటాయి. ఆ సీజన్‌లోనే బయోమెకానిక్స్ నిపుణుడు గావిన్ మాక్‌మిలన్‌తో కలిసి సర్వ్ కదలికని సరిచేసుకుంది. 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో రిబాకినాని 4-6, 6-3, 6-4తో ఓడించింది. అందులో మొదటి మ్యాచ్ పాయింట్ మీద కూడా డబుల్ ఫాల్టే చేసింది. అయినా రాకెట్‌ని పూర్తిగా ఊపడం ఆపలేదు.

డబుల్ ఫాల్టులు తగ్గించడాన్నే లక్ష్యంగా పెట్టకండి. లెక్క చూడండి. సెకండ్ సర్వ్ 75 శాతం లోపల పడి, పడినవాటిలో 52 శాతం గెలిస్తే సెకండ్ సర్వ్ మీద గెలిచేది మొత్తం 39 శాతం పాయింట్లు. భయపడి మెత్తగా నెట్టేస్తే 95 శాతం లోపలే పడతాయి, కానీ అవతలి పిల్ల ఒకడుగు ముందుకొచ్చి బాదుతుంది, పడినవాటిలో 38 శాతమే గెలుస్తారు. మొత్తం 36 శాతం. అంటే డబుల్ ఫాల్టులు దాదాపు పోయినా మ్యాచ్ ఇంకా చేజారుతుంది. గెలిచిన సెకండ్ సర్వ్ పాయింట్ల శాతం, ఇదొక్కటే రాసుకోండి.

మీ దగ్గర మ్యాచ్ వీడియోలు ఉంటే ప్రతి డబుల్ ఫాల్టుకీ మూడు విషయాలు నోట్ చేయండి: అప్పటి స్కోరు, బంతి నెట్‌కి తగిలిందా బయటికి పోయిందా, డ్యూస్ కోర్టా (సర్వ్ చేసేవాళ్లకి కుడి సగం) యాడ్ కోర్టా (ఎడమ సగం). అది చూశాక అసలు లోపం ఎక్కడుందో చెప్పొచ్చు.

డ్రాషీట్:
ర్యాంకు గురించి నేను చెప్తాను. ఐటీఎఫ్ జూనియర్ ర్యాంకింగ్‌లో సింగిల్స్ నుంచి మీ అత్యుత్తమ ఆరు ఫలితాలు, డబుల్స్ నుంచి అత్యుత్తమ ఆరింటిలో నాలుగో వంతు మాత్రమే కలుస్తాయి. వచ్చిన పాయింట్లు 52 వారాలు నిలుస్తాయి. మొదటి రౌండ్ ఓటమి ఉన్న పాయింట్లలో ఒక్కటి కూడా తీసేయదు, అలాగని ఒక్కటీ కలపదు. కాబట్టి ర్యాంకు పోతుందన్న కంగారుతో వారం వారం ఎంట్రీ వేయడంలో అర్థం లేదు. నిరుటి మంచి ఫలితాలు ఏ వారానికి రాలిపోతాయో కాగితం మీద రాసుకోండి. ఆ తేదీకి ముందు ఆరేడు వారాలు సిద్ధం కావడానికి దొరికితే చాలు.

యూటీఆర్ (యూనివర్సల్ టెన్నిస్ రేటింగ్) చూస్తుంటే దాని తీరు వేరు. గత 12 నెలల్లో చివరి 30 మ్యాచుల దాకా తీసుకుని, ప్రత్యర్థి స్థాయిని బట్టి మీరు ఎన్ని గేములు గెలవాల్సింది, ఎన్ని గెలిచారు అని పోలుస్తుంది. బలమైన అమ్మాయి చేతిలో 4-6, 4-6తో ఓడినా రేటింగ్ పెరగొచ్చు. మనసు బాగోలేని పిల్లకి ఇది మంచి కొలత, ఎందుకంటే 1-5లో ఉన్నప్పుడు కూడా తర్వాతి గేముకి విలువ ఉంటుంది.

నా సలహా: పది రోజులు రాకెట్ బ్యాగు తెరవనివ్వకండి. ఈత, సైకిల్, ఏదైనా ఆడనివ్వండి. తర్వాత నాలుగు వారాల ప్రాక్టీసు. తిరిగి వచ్చేటప్పుడు ఒక మెట్టు దిగి ఆడించండి, జే60 వద్దు, దగ్గర్లో జరిగే ఐటా టోర్నీయో జే30నో చూడండి. రెండు గెలిస్తే ఒకటి ఓడే స్థాయి టోర్నీలు వెతకమని కోచ్‌లు చెప్పేది ఇందుకే. మెట్టు దిగడం చిన్నతనమేమీ కాదు. ఆండ్రీ అగస్సీ 1997 నవంబరులో 141వ ర్యాంకుకి పడిపోయినప్పుడు లాస్‌వేగాస్, బర్బ్యాంక్‌లలో ఛాలెంజర్ టోర్నీలు (ప్రధాన టూర్‌కి ఒక మెట్టు కిందివి) ఆడాడు. అప్పటికే మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచినవాడు. 1998 చివరికి ఆరో ర్యాంకు, 1999లో ఫ్రెంచ్ ఓపెన్, యూఎస్ ఓపెన్, ఏడాది చివర నంబర్ వన్. మనవాళ్లలో సుమిత్ నాగల్ ఉన్నాడు. 2021 చివర్లో తుంటికి ఆపరేషన్, 2022 చివరికి ర్యాంకు 500 దరిదాపుల్లో. ఛాలెంజర్లలో ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చి, 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ దాటి 31వ సీడ్ బుబ్లిక్‌ని ఓడించాడు. ఫిబ్రవరిలో చెన్నై ఛాలెంజర్ గెలిచి టాప్ 100లోకి వచ్చాడు.

సర్వ్‌బాక్స్:
డ్రాషీట్ గారు, టోర్నీల విషయంలో మీతో ఏకీభవిస్తాను. పది రోజుల పూర్తి విరామం మాత్రం అందరికీ సరిపడదు. "టోర్నీ వద్దు" అనడం వేరు, "రాకెట్ పట్టుకోబుద్ధి కావట్లేదు" అనడం వేరు. రెండోదైతే విరామం ఇవ్వాల్సిందే. మొదటిదైతే మూడు నాలుగు రోజులు చాలు. ఆ తర్వాత పాయింట్లూ స్కోరూ లేని ప్రాక్టీసుతో మొదలుపెట్టొచ్చు. అమ్మాయి ఏమందో ఆమె మాటల్లోనే తెలుసుకోండి.

కృష్ణాతీరం:
ఇద్దరికీ ధన్యవాదాలు. అడిగాను. ప్రాక్టీసు ఇష్టమేనట, మ్యాచ్ అంటేనే కడుపులో తిప్పుతోందట. వీడియోలు చూసి రాసుకున్నాను. డబుల్ ఫాల్టుల్లో ఎక్కువ భాగం నెట్‌కే తగిలాయి. యాడ్ కోర్టులో ఎక్కువ. మొదటి సెట్‌లో తక్కువ, రెండో సెట్ సగం నుంచి పెరుగుతున్నాయి. స్కోరుతో పెద్దగా సంబంధం కనిపించలేదు, తనే బాగా ముందున్న 40-15లో కూడా చేసింది.

సర్వ్‌బాక్స్:
చాలా మంచి సమాచారం. 40-15లో కూడా చేస్తోందంటే ఇది కేవలం భయం కాదు. రెండో సెట్‌లో, నెట్‌కే తగులుతున్నాయంటే కాళ్లు అలిసిపోయి పైకి నెట్టడం లేదు, బంతిని తాకే ఎత్తు తగ్గింది. వీడియోని నెమ్మదిగా నడిపి మూడు చోట్ల ఆపి చూడండి. ఒకటి, గ్రిప్. సర్వ్‌కి సుత్తి పట్టుకున్నట్టు ఉండే కాంటినెంటల్ గ్రిప్ కావాలి. ఒత్తిడిలో చాలామంది పిల్లల చెయ్యి తెలియకుండానే ఫోర్‌హ్యాండ్ గ్రిప్ వైపు జారుతుంది. అప్పుడు బంతి మీద రాకెట్ రాపిడి, అంటే స్పిన్, తగ్గుతుంది, బంతి వంపు తిరిగి లోపల పడదు. రెండు, టాస్. సెకండ్ సర్వ్‌కి బంతి తల మీదుగా, కాస్త ఎడమవైపు లేవాలి. ముందుకు పోయిందంటే కొట్టేది కిందికే. మూడు, ఎడమ చెయ్యి. టాస్ వేయగానే అది పడిపోతే ఎడమ భుజం, తల దాని వెంట పడిపోతాయి, బంతి నేరుగా నెట్‌లోకి పోతుంది.

సరిచేసే వరస ఇది. మొదటి వారం సర్వీస్ లైన్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని సర్వ్. కింద మెత్తటి మ్యాట్ వేయండి. ఆ ఎత్తు నుంచి బంతి నెట్ దాటాలంటే రాకెట్ కింది నుంచి పైకి, ఎడమ నుంచి కుడికి రుద్దుకుంటూ పోవాల్సిందే, వేరే దారి లేదు. ఆరు విడతలు, విడతకి పది బంతులు, అంతకు మించి వద్దు. 200 బంతులు వేయిస్తే భుజం మీద భారం పడుతుంది, అలిసిన చెయ్యి మళ్లీ పాత తప్పే నేర్చుకుంటుంది. వారానికి నాలుగు రోజులు చాలు.

రెండో వారం నుంచి బేస్‌లైన్‌కి జరగండి. నెట్ మధ్యలో ఎత్తు 3 అడుగులు. రెండు వైపులా వెదురు కర్రలు కట్టి 5 అడుగుల ఎత్తులో తాడు కట్టండి. సెకండ్ సర్వ్ ఆ తాడు మీదుగా వెళ్లి బాక్సులో పడాలి. రాకెట్ వేగం ఫస్ట్ సర్వ్‌కి ఎంతో దీనికీ అంతే, తేడా రాపిడిలోనే. మొదట్లో చాలా బంతులు బాక్సు దాటి పొడుగ్గా పోతాయి. పోనివ్వండి. నెట్‌కి తగిలే పిల్లకి పొడుగ్గా పోవడం మెరుగుపడుతున్న గుర్తు. అప్పుడు "మెల్లగా వెయ్యి" అన్నారంటే చేసిన పనంతా వృథా. పదిలో ఎనిమిది తాడు మీదుగా వెళ్లి లోపల పడేదాకా స్కోరు పెట్టకండి. ముందు యాడ్ కోర్టు నుంచే మొదలుపెట్టండి, ఆమె ఇబ్బంది అక్కడే కాబట్టి.

ఆ తర్వాతే ఒత్తిడి. ప్రాక్టీసు సెట్లలో పాయింటుకి ఒకే సర్వ్, ప్రతి గేమూ 0-30 నుంచి, అంటే రెండు పాయింట్లు వెనకబడి మొదలు. తాడు కింద నుంచి నెట్టిన సర్వ్ లోపల పడినా రెండు పాయింట్లు పోయినట్టు, తాడు మీదుగా వెళ్లి బయట పడితే ఒక పాయింటే పోయినట్టు లెక్క. డబుల్ ఫాల్టుకి శిక్షగా పరుగులు పెట్టించే అలవాటు చాలాచోట్ల ఉంది. దానివల్ల పిల్లలు నేర్చుకునేది మెత్తగా నెట్టడమే.

పాయింటుకీ పాయింటుకీ మధ్య 25 సెకన్లు ఉంటాయి. అందులో ప్రతిసారీ ఒకే క్రమం ఉండాలి: వెనక్కి తిరిగి ఊపిరి నెమ్మదిగా వదలడం, ఏ మూలకి వేయాలో నిర్ణయం, ఎప్పుడూ ఒకే లెక్కలో బంతిని నేలకి కొట్టడం, గ్రిప్ చూసుకోవడం, టాస్. టాస్ బాగోకపోతే రాకెట్ ఊపకుండా బంతిని పట్టుకోవచ్చు, అది ఫాల్టు కాదు. చాలామంది జూనియర్లు మొహమాటంతో చెడ్డ టాస్‌ని కూడా కొట్టేస్తారు. ప్రాక్టీసులో పదికోసారి కావాలనే టాస్ పట్టించండి, మొహమాటం పోతుంది.

ఫిజియోరూమ్:
రెండో సెట్ అనగానే ఆగాను. దయచేసి రక్తపరీక్ష చేయించండి: సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), విటమిన్ డి. ఈ వయసు ఆడపిల్లల్లో హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా ఐరన్ నిల్వ తగ్గిపోయి ఉండొచ్చు. బయటికి కనిపించేది త్వరగా అలిసిపోవడం, ఉత్సాహం లేకపోవడమే. నెలసరి సరిగ్గా వస్తోందా అని వాళ్లమ్మగారు అడగడం మంచిది. ఆటకి సరిపడా తినని పిల్లల్లో ముందు దెబ్బతినేది అదే. రిపోర్టులు డాక్టరుకి చూపించాకే మాత్రలు, సొంతంగా ఐరన్ మొదలుపెట్టొద్దు.

మ్యాచ్‌కి ముందూ తర్వాతా బరువు చూడండి. 50 కిలోల పిల్ల ఒక కిలో కంటే ఎక్కువ తగ్గితే నీళ్లు చాలడం లేదు. విజయవాడ ఎండలో ఉత్త నీళ్లు సరిపోవు, లీటరుకి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి కోర్టు వైపులు మారే ప్రతి ఛేంజోవర్‌లో రెండు మూడు గుక్కలు. భుజానికి రబ్బరు బ్యాండుతో మోచెయ్యి పక్కకి ఆనించి బయటికి తిప్పే వ్యాయామం, 15 చొప్పున రెండు విడతలు, వారానికి మూడు రోజులు. కాళ్లకి స్క్వాట్లు, స్టెప్-అప్‌లు మరవొద్దు. సర్వ్ బలం మొదలయ్యేది అక్కడే.

కడుపులో తిప్పడం చిన్న మ్యాచులు ఆడాక కూడా తగ్గకపోతే, నిద్ర, చదువు మీద కూడా పడుతుంటే, స్పోర్ట్స్ సైకాలజిస్టుని కలవండి.

గట్‌మెషిన్:
రాకెట్ సంగతి ఎవరూ అడగలేదు. పూర్తి పాలియెస్టర్ తీగలు వాడుతోందా? అవి తెగకపోయినా 12-15 గంటల ఆట తర్వాత బిగువు పోతుంది, బంతి మీద పట్టు తగ్గుతుంది, చేతికి కుదుపు పెరుగుతుంది. రాపిడి మీద ఆధారపడే సెకండ్ సర్వ్‌కి ఇది నేరుగా నష్టం. నిలువు తీగలు పాలియెస్టర్, అడ్డం మల్టీఫిలమెంట్ (సన్నటి పోగులు కలిపిన మెత్తటి తీగ) పెట్టి 48 పౌండ్ల దగ్గర మొదలుపెట్టండి. ఒకే మోడల్ రాకెట్లయినా బరువులో కొన్ని గ్రాముల తేడా ఉంటుంది, వంటింటి కాటా మీద పెట్టి చూడండి. రెండో సెట్‌లో మార్చే రాకెట్ బరువుదైతే అలసటకి అదీ తోడవుతుంది.

కృష్ణాతీరం:
మూడో రాకెట్ 9 గ్రాములు ఎక్కువుంది! రెండో సెట్‌లో ఎక్కువగా వాడేది అదే. రేపు ల్యాబుకి తీసుకెళ్తున్నాం. వచ్చే రెండు టోర్నీల ఎంట్రీలు వెనక్కి తీసుకుంటున్నాను.

డ్రాషీట్:
విత్‌డ్రాయల్ గడువు చూసుకుని చేయండి. గడువు దాటాక తప్పుకుంటే లేట్ విత్‌డ్రాయల్ కింద పడుతుంది. డబుల్స్ జోడీకి కూడా ఈ రోజే చెప్పేయండి, ఆ అమ్మాయి ఇంకొకరిని వెతుక్కోవాలి కదా.