అప్‌డేట్: స్కేటింగ్ రింక్ జ్ఞాపకాల పని ఎంతదాకా వచ్చిందంటే

మూతపడ్డ రోలర్ స్కేటింగ్ రింక్ ఫొటోలు, వీడియో క్యాసెట్లు, పాత స్కేట్లు ఎలా దాచాలని అడిగాను కదా. పని బాగానే సాగుతోంది.

జిగురు పేజీల ఆల్బమ్‌కి పళ్లు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం వాడమన్నవాళ్లకి దండం. ఫొటో మూల కింద దూర్చి మెల్లగా అటూ ఇటూ లాగితే చాలావరకు ఊడొచ్చాయి. మొండికేసినవి పేజీతో సహా స్కాన్ చేశాం. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కల వివరం), టిఫ్ ఫైళ్లు (నాణ్యత తగ్గకుండా దాచే ఫొటో ఫైళ్లు). వెనక పెన్నుతో రాసిన పేర్లూ వదల్లేదు.

స్కేట్లే తలనొప్పి. 1970లలో వాడుకలోకొచ్చిన పాలీయురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్) చక్రాలు తేమకి జిగటగా మారి, ముట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి. వాటికంటే పాత కొయ్య చక్రాలే నయం! పాడైనవాటిని తోలు బూట్లకి దూరంగా పెట్టాం.

అసలు మజా పెద్దవాళ్లతో మాట్లాడినప్పుడు. "ఆ రోజులు ఎలా ఉండేవి" అంటే "బాగుండేవి" అని ఊరుకుంటారు. ఫొటో చేతిలో పెట్టి "మలుపులో ఎలా తిరిగేవారు?" అన్నాం. ఒకాయన కుర్చీలోంచి లేచి, ఎడమ కాలి మీదుగా కుడి కాలు వేసి చూపించేశారు. ఆ దెబ్బతో ఆడియో మానేసి వీడియో తీస్తున్నాం. ఎవరికి చూపించొచ్చో వాళ్ల అనుమతి కూడా రాయించుకుంటున్నాం.

బూజు పట్టిన క్యాసెట్ మాత్రం ప్లేయర్‌లో పెట్టలేదు. ఆ బూజు మిగతావాటికీ అంటుతుంది. ముందు దాన్ని శుభ్రం చేయించాలి.